పాఠశాలలో పార్లమెంటు

1923వ సంవత్సరం డిసెంబరు మాసంలో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినది. మౌలానా మహమ్మదాలీ ఆ సభకు అధ్యక్షులు. మహాసభతోపాటు ఖద్దరు ప్రదర్శన కూడ ఏర్పాటైనది. ఆ ప్రదర్శన వాకిట నిలిచి టిక్కెట్లు చూచి జనాన్ని లోనికి విడిచే పనిని పదునాలుగేండ్ల స్వచ్ఛంద సేవిక ఒకామెకు అప్పగించినారు. టిక్కెట్టు లేనివారిని ఎవరినీ లోనికి పోనీయరాదని ఆమెకు చెప్పిన మాట. ఇంతలో జవాహర్‌లాల్ నెహ్రూ అక్కడికి వచ్చినారు. ఆయన చేతిలో టిక్కెట్టు లేదు. బాలిక ఆయనను వాకిటనే ఆపివేసినది. వచ్చినది ఎవరో పెద్దలు చెప్పినా ఆమె దారి విడువలేదు. టిక్కెట్టు కొనిన పిమ్మటనే నెహ్రూగారు లోనికి వెళ్లినారు. ఆ బాలిక కర్తవ్యదీక్షను మెచ్చుకొన్నారు కూడ. ఆ బాలికయే అనంతరకాలంలో రాజ్యాంగసభ సభ్యురాలై, దేశానికి శాసనం వ్రాసినవారి సరసన కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఈ ముచ్చటను మనం ఒక సాహసగాథగా చెప్పుకొంటూ ఉంటాము. కాని మరియొక విధంగా కూడ దీనిని చూడవచ్చు. ఆమె ఆపినది పరాయివానిని కాదు, తన పక్షపు నాయకుని. తనకు గౌరవపాత్రుడైన మనిషి ఎదుట నిలిచినప్పుడు కూడ నియమం నియమమే అని ఆమె ఎరిగి ఉన్నది. ఈ ఎరుక ఏ పాఠ్యపుస్తకంనుండి వచ్చినది? ఒక నిజమైన బాధ్యతను చేతిలో పెట్టినందువలన వచ్చినది. ఒడ్డున కూర్చుండి ఈత నేర్చినవారు లేరు. పౌరధర్మం కూడ అటువంటిదేనని తలచి, బాలబాలికలచేత చిన్న చిన్న రాజ్యాలను నడిపించి చూచినవారు గడచిన నూట ముప్పదేండ్లలో కొందరు ఉన్నారు. వారి కథయే ఈ ప్రసంగానికి విషయం.

ఈ ప్రయత్నాలలో మొదటి తరపుదిగా చెప్పదగినది అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలోని ఫ్రీవిల్ అనే పల్లెలో జరిగినది. విలియం జార్జి అనే వ్యాపారి 1890 మొదలుకొని ప్రతి వేసవిలోను న్యూయార్కు నగరపు పేదవాడల పిల్లలను కొందరిని ఆ పల్లెకు తీసికొనిపోయి, మంచి గాలి, మంచి తిండి దొరికే ఏర్పాటు చేయుచుండేవాడు. ఊరివారు దయతలచి పిల్లలకు బట్టలు పంపేవారు. కొలది ఏండ్లలో ఆయన ఒక సంగతి కనిపెట్టినాడు. పిల్లలు పల్లెకు వచ్చేది గాలికోసం కాదు, తిరిగి పోయేటప్పుడు దొరికే మూటకోసం. దానం పుచ్చుకొనడం వారికి హక్కువలె తోచసాగినది. దానితో ఆయన, బట్టలు కావలసినవారు పనిచేసి సంపాదించుకొనవలెనని కట్టడి చేసినాడు. తరువాత, తప్పు చేసినవారిని తానే దండించే పద్ధతిని విడిచి, తోటిపిల్లలనే పంచాయతీగా కూర్చుండబెట్టి విచారణ జరిపించినాడు. తన బెత్తానికి లొంగనివారు తోటివారి తీర్పునకు తలయొగ్గడం చూచి ఆయనకే ఆశ్చర్యం కలిగినది.

ఇట్లా 1895 వేసవిలో జార్జి జూనియర్ రిపబ్లిక్ వెలసినది. అందులో పిల్లలకే శాసనసభ, పిల్లలకే న్యాయస్థానం, పిల్లలకే రక్షకభటులు. అక్కడ మాత్రమే చెల్లే నాణెములు కూడ ఉండేవి. శ్రమలేనిదే ఏదీ లేదు అన్నది ఆ రిపబ్లిక్కు ధర్మసూత్రం. పనిచేసినవానికి కూలి, ఆ కూలితోనే భోజనం, బస. తొలిదినాలలో పెద్దవారు నిర్వహించిన ఉద్యోగాలు కూడ క్రమంగా పిల్లల చేతికి వచ్చినవి. తాము చేసిన శాసనం తమ మీదనే అమలు జరుగుతుందని తెలిసిన పిల్లవాడు శాసనం చేసేముందు రెండు మారులు ఆలోచిస్తాడు. పెద్దల శాసనసభలలో సైతం ఈ గుణం ఎల్లప్పుడు కనిపించదు గదా!

ఫ్రీవిల్ పిల్లలు నగరపు వీథులనుండి వచ్చిన నిరుపేదలు. ఈ భావం సామాన్య ఉన్నత పాఠశాలల విద్యార్థుల దగ్గరకు రావడానికి మరి నాలుగు దశాబ్దాలు పట్టినది. దానిని త్వరపెట్టినది ఐరోపాలో కమ్ముకొని వచ్చిన చీకటి. ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం 1926లోనే బాలలకొరకు బలిల్లా అనే సంస్థను నెలకొల్పి, వారికి కవాతులు, జయజయధ్వానాలు నేర్పింది. జర్మనీలో 1936 డిసెంబరులో చేసిన శాసనం ఆ దేశపు యువజనులందరిని హిట్లర్ యువజన సంస్థ పరిధిలోనికి తెచ్చినది. నియంతలు ఒక సత్యాన్ని ముందుగా గ్రహించినారు: పదునైదేండ్ల వయస్సులో మనస్సునకు పట్టిన అచ్చు ఒక పట్టాన చెరగదు. అయితే ప్రజాస్వామ్యం పిల్లలకు ఏమి నేర్పవలె? విధేయతకు కవాతు ఉన్నది. స్వేచ్ఛకు కవాతు ఏది?

ఆ దినాలలోనే కాలిఫోర్నియాలో లాస్ గాటోస్ సమీపపు కొండలలో ఉన్న మాంటెజూమా పాఠశాలలో ఎర్నెస్టు రోజర్స్ అనే అధ్యాపకుడు ఒక సమాధానం చూపినాడు. ఆ పాఠశాలలో విద్యార్థుల స్వయంపాలన అప్పటికే అలవాటులో ఉన్నది. 1934లో అక్కడ పుట్టిన జూనియర్ స్టేట్స్‌మన్ సంస్థ ఆ అలవాటును పాఠశాల ప్రహరి దాటించినది. పలు పాఠశాలల విద్యార్థులు ఒకచోట మహాసభగా కూడేవారు. ఒక ప్రభుత్వ సమస్యను తీర్మానంగా ప్రతిపాదించి, ఒకరు అనుకూలంగాను, ఒకరు ప్రతికూలంగాను మాట్లాడిన పిమ్మట, సభలోని వారందరు చర్చలో పాల్గొని చివరకు ఓటు వేసేవారు. సంస్థ ఏ రాజకీయ పక్షానికి చెందినది కాదు. పదాధికారులను ఎన్నుకొనేది విద్యార్థులే, సభలను నడిపేదీ విద్యార్థులే. పెద్దలు ప్రక్కన నిలిచి చూచేవారు.

మరుసటి సంవత్సరం, 1935 జూన్‌లో, ఇలినాయ్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డు సంతమైదానంలో రెండువందలకు పైగా బాలురు గుమికూడినారు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడివచ్చినవారు 1919లో స్థాపించుకొన్న అమెరికన్ లీజియన్ అనే సంఘం వారిని పిలిపించినది. హెరాల్డు కార్డు, హేయిస్ కెన్నెడీ అనే ఇద్దరు సభ్యుల ఆలోచన అది. బాలలను కవాతులతో తీర్చే శిబిరాలకు బదులుగా, బాలలే పరిపాలించుకొనే శిబిరం ఉండవలెనని వారి సంకల్పం. దానికి బాయ్స్ స్టేట్ అని పేరు పెట్టినారు. బాలికలకు ఇటువంటిదే గర్ల్స్ స్టేట్ అనే పేరుతో 1937లో ఆరంభమైనది.

ఈ శిబిరాల నిర్మాణంలో మాకు మిక్కిలి నచ్చిన విషయం ఒకటి ఉన్నది. వచ్చిన పిల్లలను ఫెడరలిస్టులు, నేషనలిస్టులు అని రెండు కల్పిత పక్షాలుగా పంచుతారు. దేశంలోని నిజమైన పక్షాలకు అక్కడ తావులేదు. తాను ఏ పక్షంలో ఉండేదీ పిల్లవాడు కోరుకొనడు. నిర్వాహకులు పంచినట్లు చేరుతాడు. తండ్రి అభిమానించే పార్టీ, తాత పోరాడిన పార్టీ గడపవద్దనే ఆగిపోతాయి. పిల్లవాడు మొన్నటివరకు ముఖమైనా ఎరుగనివారితో కలిసి ఒక కార్యక్రమాన్ని తయారుచేసుకొనవలె, అభ్యర్థిని నిలుపవలె, అవతలి పక్షంలో పడిన తన ఊరివానితోనే వాదించవలె. పట్టణ సభ్యునినుండి గవర్నరువరకు ఎన్నికలు జరుగుతాయి. ఒక వారంలో ఒక జీవితకాలపు రాజకీయం. ఆ వారంలో గెలిచేవారు కొందరే, ఓడిపోయేవారే అధికులు. వారం గడచిన పిమ్మట ఓడినవాడు గెలిచినవానితో ఒకే బల్లవద్ద భోజనం చేయవలసినదే. దీనిని మించిన పౌరశాస్త్ర పాఠం ఉన్నదా అని మా సందేహం.

రాష్ట్రాలలో సాగిన ఈ శిబిరాలకు శిఖరంగా, రాష్ట్రానికి ఇద్దరు చొప్పున బాలురను వాషింగ్టన్‌కు రప్పించి జాతీయ శాసనసభను నడిపించే సంప్రదాయం 1946లో ఏర్పడినది; బాలికలకు 1947లో. ఆ బాలుర సభ చరిత్రలో 1963 జూలై మాసం మరువరానిది. అప్పటి అమెరికాను నల్లజాతివారి పౌరహక్కుల సమస్య ఊపివేయుచున్నది. అంతకు ఆరేండ్ల క్రితం, 1957లో, ఆర్కాన్సా రాష్ట్రపు లిటిల్ రాక్ నగరంలో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులను ఒక ఉన్నత పాఠశాలలో ప్రవేశపెట్టడానికి సైన్యమే రావలసివచ్చినది. 1963 జూలైలో మయామీలో సమావేశమైన రాష్ట్రాల గవర్నర్లు పౌరహక్కులపై తీర్మానం చేయకుండ తప్పించుకొన్నారు. అదే మాసంలో సుమారు వందమంది బాలురు వాషింగ్టన్‌లో కూర్చుండి, అదే విషయంపై వాదించి, జాతివివక్షను నిరసిస్తూ తీర్మానం చేసినారు. దక్షిణాది రాష్ట్రాలనుండి వచ్చిన బాలురలో కూడ కొందరు దానిని సమర్థించినారు. తిరిగి వెళ్లవలసిన ఊళ్లలో ఆ మాట చెల్లదని వారికి తెలియనిది కాదు.

జూలై 24వ తేదీన ఆ బాలురు శ్వేతభవనం తోటలో అధ్యక్షుడు కెన్నెడీని కలిసికొన్నారు. ఒకవిధంగా గవర్నర్లకంటె మీరే ఎక్కువ చొరవ చూపినారని ఆయన వారిని అభినందించినాడు. ఆ వరుసలో ముందుకు త్రోసికొనివచ్చి అధ్యక్షునితో కరచాలనం చేసినవారిలో ఆర్కాన్సా రాష్ట్రపు పదునారేండ్ల బాలుడు ఒకడు ఉన్నాడు. అతని పేరు బిల్ క్లింటన్. అతడు 1993లో అమెరికా అధ్యక్షుడైనాడు. ఈ కరచాలనాన్ని లోకం గొప్పగా చెప్పుకొంటుంది. కాని మా దృష్టిలో గొప్పది కరచాలనం కాదు, అంతకు ముందు జరిగిన ఓటు. ఒకడు అధ్యక్షుడు కావడం అదృష్టం. వందమంది బాలురు తమ పెద్దలు తప్పించుకొన్న ప్రశ్నకు సమాధానం చెప్పడం శిక్షణ. మరుసటి సంవత్సరం, 1964 జూలైలో, పౌరహక్కుల శాసనం అమెరికాలో అమలులోనికి వచ్చినది.

ఇక మన దేశానికి వత్తాము. 1951–52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో 17 కోట్లకు పైగా వోటర్లు ఉన్నారు. వారిలో అధిక సంఖ్యాకులకు అక్షరజ్ఞానమే లేదు. అంతమందికి ఒకేసారి వోటుహక్కు ఇచ్చిన దేశానికి, తరువాతి తరానికి పార్లమెంటు పద్ధతిని ఎట్లా అలవాటు చేయవలెనన్నది సహజమైన ప్రశ్న. దీనికి సమాధానం ఊహించని దిక్కునుండి వచ్చినది. శాసనసభలలో తమ పక్షపు సభ్యులను ఒక త్రాటిపై నడిపించే విప్పులు 1952నుండి అఖిలభారత స్థాయిలో సమావేశాలు జరుపుకొంటూ వచ్చినారు. వారి నాలుగవ సమావేశం 1962లో బొంబాయిలో జరిగినది. విద్యాసంస్థలలోను, పంచాయతీలలోను నమూనా పార్లమెంట్లను ప్రభుత్వం ప్రోత్సహించవలెనని ఆ సమావేశం సిఫారసు చేసినది. సభ్యుల వోటును కట్టుబాటులో ఉంచడమే వృత్తిగా గలవారు, పిల్లలకు స్వయంగా ఆలోచించి వోటువేయడం నేర్పవలెననడం చమత్కారమైన విషయమే. బహుశః కట్టుబాటునకు విలువ వచ్చేది, కట్టుబడేవానికి ఆలోచన ఉన్నప్పుడేనని వారికి అనుభవంమీద తెలిసి ఉంటుంది.

ఆ సిఫారసు ఫలితంగా పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966–67లో ఢిల్లీ పాఠశాలలలో యువ పార్లమెంటు పోటీలను ఆరంభించినది. దేశం నాలుగవ సార్వత్రిక ఎన్నికలకు సిద్ధమగుచున్న కాలమది. 1988లో ఈ పోటీలు కేంద్రీయ విద్యాలయాలకు, 1997–98లో నవోదయ విద్యాలయాలకు, విశ్వవిద్యాలయాలకు విస్తరించినవి. అందువలన మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలోని విద్యాలయాల పిల్లలకు కూడ సభాపతి పీఠం, ప్రతిపక్షపు బల్ల పరిచయమైనవి. తరగతి గదిలోనో, పాఠశాల మందిరంలోనో బల్లలను అర్ధచంద్రాకారంగా వేస్తారు. ఒకరు స్పీకరు, ఒకరు ప్రధానమంత్రి, ఒకరు ప్రతిపక్ష నాయకుడు. క్రొత్త సభ్యుల ప్రమాణస్వీకారం, దివంగతులకు నివాళి, ప్రశ్నోత్తరాల సమయం, సావధాన తీర్మానం, పిమ్మట ఒక బిల్లు. ఇదంతయు సుమారు ఒక గంటలో ముగుస్తుంది.

ఈ యువ పార్లమెంటులో అన్నింటికంటె కష్టమైన పాత్ర ఏది అని ఎవరైన అడిగితే, మేము స్పీకరు పాత్ర అంటాము. ఆ పీఠంమీద కూర్చున్న బాలిక తన ప్రాణస్నేహితురాలిని కూడ సమయం ముగిసినది, కూర్చొనుడు అని ఆపవలె. తనకు గిట్టనివానికి కూడ మాట్లాడే అవకాశం ఇవ్వవలె. ఢిల్లీ పిల్లలు ఈ పాఠాన్ని నేర్చుకొనడం మొదలుపెట్టిన ఆ దినాలలోనే, 1967 మార్చిలో, అనంతపురం జిల్లా ఇల్లూరువారైన నీలం సంజీవరెడ్డిగారు లోకసభ స్పీకరుగా ఎన్నికైనారు. ఎన్నికైన వెంటనే ఆయన తన పార్టీ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చినారు. జీవితమంతా ఏ సంస్థలో పనిచేసినారో దానినే విడిచి ఆ పీఠం ఎక్కినారు. కాకినాడలో టిక్కెట్టు అడిగిన బాలిక చేసినదీ, ఢిల్లీలో స్పీకరు చేసినదీ ఒకే కోవకు చెందిన పనులుగా మాకు తోస్తున్నవి. పదవి చేపట్టిన మనిషి తనవారికంటె నియమానికి ఎక్కువ చుట్టం.

ఇంతవరకు మంచి చెప్పినాము. చెడు కూడ చెప్పకపోతే శ్రోతలకు న్యాయం చేసినవారము కాము. పిల్లల రాజ్యం పెద్దల రాజ్యానికి అద్దంవంటిది. మన ముఖంలోని మచ్చలు కూడ అందులో కనిపిస్తాయి. టెక్సాస్ రాష్ట్రపు బాయ్స్ స్టేట్ 2017లో, తమ రాష్ట్రం అమెరికానుండి విడిపోవలెనని ఓటు వేసినది. మరుసటి యేటి శిబిరాన్ని చిత్రీకరించిన బాయ్స్ స్టేట్ అనే వార్తాచిత్రం 2020లో వెలువడినది. వెయ్యిమందికి పైగా బాలురు కూడిన ఆ శిబిరంలో, తన నిజమైన అభిప్రాయాన్ని దాచి, సభకు రుచించే మాటనే వేదికమీద పలికినట్లు ఒక అభ్యర్థి కెమెరాముందు ఒప్పుకొంటాడు. జనం చప్పట్లకోసం మనస్సును మార్చి పలకడం కూడ పిల్లలు అంత త్వరగానే నేర్చుకొంటారు. అయితే ఆ బాలుడు అది తప్పేమోనని పైకి అనగలిగినాడు. చాలామంది పెద్దలు ఆ మాట అనుకొనడం కూడ మానివేసినారు.

మన యువ పార్లమెంటుకు ఉన్న ఇబ్బంది వేరు. అక్కడ అతివాగ్దానం కాదు, కంఠస్థం. మేము ఒక పాఠశాలలో ఇటువంటి ప్రదర్శన చూచినాము. పిల్లలు చక్కగా మాట్లాడినారు. మంత్రి సమాధానం తడుముకొనకుండ చెప్పినాడు. ప్రతిపక్షం సరిగా అనుకొన్న చోటనే కేకలు వేసినది. స్పీకరు అనుకొన్న చోటనే గంట మ్రోగించినది. బిల్లు నెగ్గినది. నెగ్గుతుందని మొదటినుండి అందరికి తెలుసు, ఎందుకనగా ఉపాధ్యాయులు వ్రాసి ఇచ్చిన ప్రతిలో అట్లాగే ఉన్నది. తరువాత ప్రతిపక్షనాయకురాలైన బాలికను, బిల్లుమీద నీ అభిప్రాయం ఏమమ్మా అని అడిగినాము. ఆమె నవ్వి, నాకు ఆ బిల్లు మంచిదే అనిపించిందండీ, కాని నా కాగితంలో వద్దని ఉన్నది అన్నది.

ఆ మాట మమ్ములను చాలా దినాలు వెంటాడినది. ఇష్టంలేని పక్షంలో నిలిచి వాదించడం తప్పుకాదు. ఇలినాయ్ బాలురు కూడ తాము కోరని పక్షాలలో నిలిచినారు. అయితే వారి ఓటు ఫలితం ముందుగా ఎవరికీ తెలియదు. వాదం బాగుంటే ఒకరి మనస్సు మారవచ్చును, ఒక్క ఓటుతో బిల్లు వీగిపోవచ్చును. ఆ ‘వచ్చును’ అన్నదే ప్రజాస్వామ్యానికి ప్రాణం. ఫలితం ముందే తెలిసినప్పుడు అది నాటకం అవుతుంది. మంచి నాటకమే కావచ్చును, శాసనసభ మాత్రం కాదు. ప్రశ్నోత్తరాలను నేర్పండి, సభామర్యాదను నేర్పండి. కాని చివరి ఓటునైన పిల్లలకు విడిచిపెట్టండి అని ఉపాధ్యాయులకు మా మనవి. బిల్లు ఓడిపోతే మంత్రిగా ఉన్న పిల్లవానికి ఆ సాయంత్రం అన్నం సహించకపోవచ్చును. ఆ ఒక్క సాయంత్రం పుస్తకంలోని పది పాఠాలపెట్టు.

ఇది తొందరపెట్టవలసిన విషయం కూడ. రాజ్యాంగానికి 61వ సవరణ 1989 మార్చిలో అమలులోనికి రాకముందు మన దేశంలో ఓటునకు ఇరువదియొక్క సంవత్సరాలు నిండవలె. తరువాత పదునెనిమిదేండ్లకే ఆ హక్కు వచ్చినది. అనగా పదవ తరగతి పరీక్ష వ్రాసిన పిల్ల మూడేండ్లలోపే పోలింగు కేంద్రంముందు వరుసలో నిలుస్తుంది. సైకిలు ఎక్కించేముందు ఎన్నిసార్లు పట్టుకొని నడిపిస్తామో ఆలోచించండి. ఓటు వేయించేముందు మనం ఎన్నిసార్లు అభ్యాసం చేయించినాము?

అందుకు పాఠశాల ఒక్కటే చోటు కాదు. మన ఇంటిలో రేడియో ఉన్నది. సాయంత్రం ఏడుగంటలకు నాన్నగారికి వార్తలు కావలె, అమ్మకు హరికథ కావలె, పిల్లలకు నాటకమో, పాటలో కావలె. మామూలుగా ఎవరి చేయి పొడవైతే వారిదే కేంద్రం. ఒక వారం ఈ విషయాన్ని సభకు పెట్టి చూడండి. ఇంటిలో చిన్నవాడిని స్పీకరును చేయండి. ప్రతివారికి రెండేసి నిమిషాలు, పిమ్మట చేతులెత్తడం. నాన్నగారు ఓడిపోతే, ఆ సాయంత్రం నాటకం చివరవరకు మాటాడకుండ వినండి. ఆయన ముఖంవైపు పిల్లలు చూస్తూనే ఉంటారు.